తాళం ఎవరి చేతికిచ్చారు

పోయిన వారం డెస్కక్కను మనం రిసెప్షన్ బల్ల దగ్గర నిలబెట్టి వచ్చేశాం. పగిలిన కారు అద్దం పెంకులు రుమాల్లో మూటగట్టి తెచ్చి ఆమె ముందు పెట్టిన పెద్దమనిషి, పోయిన పెట్టెలో ఏముందని అడిగితే, ఒక మనిషి కాలు ఉందన్నాడు. ఆమె రాస్తున్న కలం అక్కడే ఆగింది.

ఈ వారమే మొదలుపెట్టిన వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. పదకొండేళ్ళుగా ఆ హోటల్లో రిసెప్షన్ చూసుకునే ఆమెను ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా అందరూ డెస్కక్క అనే పిలుస్తారు. గేటు దగ్గర అతిథుల తాళాలు తీసుకుని కార్లు పెట్టే డ్రైవరు ఆమెకు స్వయానా బావగారు, భర్తకు అన్న. లారీలు నడిపి నడిపి నడుము పట్టేసి ఆయన ఇంట్లో కూర్చుంటే, ఆమే మేనేజరును బతిమాలి ఈ పని ఇప్పించింది. నిన్న సాయంత్రం సెల్లారంతా ఏదో కంపెనీ సమావేశానికి వచ్చిన కార్లతో నిండిపోయింది. మిగతావాళ్ళ కార్లు వెనక సందులో పెట్టించమని మేనేజరు ఫోన్లో చెప్పాడు. ఆమె ఆ మాట బావగారికి చేరవేసింది. ఆయన ఆ పెద్దమనిషి పాత నీలం కారు తాళం పుచ్చుకుని, టోకెను చింపి చేతిలో పెట్టి, కారు తీసుకెళ్ళి లాండ్రీ గోడ వారగా పెట్టొచ్చాడు. తెల్లారేసరికి వెనక అద్దం లేదు. వెనక సీట్లో పొడుగాటి పెట్టె కూడా లేదు.

ఇక ఈ ఉదయం సంగతి.

పెద్దమనిషి కంగారు పడలేదు. కంగారు పడే వేళ దాటిపోయిన మనిషిలా నెమ్మదిగా చెప్పుకుపోయాడు. ఆయన చేసే పని కృత్రిమ కాళ్ళు తయారుచెయ్యడం. తమ ఊళ్ళో కాళ్ళ మేస్త్రి అంటారని ఆయనే అన్నాడు. ఏభై దాటి ఉంటాయి. గోళ్ళ చుట్టూ ప్లాస్టరు తెల్లగా పేరుకుపోయి, ఎంత తోమినా వదలనట్టుంది. పోయిన కాలు ఒక బస్సు కండక్టరమ్మది. ఏడాదిన్నర కిందట డిపోలో వెనక్కి వస్తున్న బస్సు ఆమె కుడికాలిని మోకాలి కింద నుంచి తీసుకుపోయింది. ఆ కాలి కొలతకి అచ్చు తీసి, తొడుగు చేసి, అది ఒరుసుకుంటే విప్పి మళ్ళీ చేసి, మొత్తం మూడు నెలలు పట్టింది.

"చెప్పుల్లాగా సైజు చూసి కొనుక్కునేది కాదమ్మా," అన్నాడాయన. "అది ఆవిడకి తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ పట్టదు. ఎత్తుకుపోయినవాడు ఏదో వాయిద్యం అనుకుని ఉంటాడు. పెట్టె తెరిచి చూసి, జడుసుకుని, ఏ మురిక్కాలవలోనో పారేసి ఉంటాడు."

అసలు కష్టం అది కాదు. రేపు పది గంటలకి కండక్టరమ్మ తన ఆఫీసులో డాక్టర్ల ముందు నిలబడాలి. ఊత లేకుండా బస్సు మెట్లెక్కి దిగి చూపిస్తే మళ్ళీ డ్యూటీలోకి తీసుకుంటారు. కాలు సిద్ధం కాక ఇప్పటికి రెండుసార్లు వాయిదా అడిగింది. మూడోసారి వెళ్ళకపోతే పేరు కొట్టేస్తామని కాగితం పంపారు. ఇంకొకటి చేద్దామంటే అచ్చు మేస్త్రి ఊళ్ళో ఉంది. రోజంతా ప్రయాణం, ఆపైన నాలుగు రోజుల పని.

డెస్కక్క గడియారం చూసింది. తొమ్మిదిన్నర కావస్తోంది. కాలు తొడిగి చూసుకోవడానికి కండక్టరమ్మ పదకొండింటికి ఇక్కడికే వస్తుందట.

మేస్త్రి తెల్లవారుతూనే పోలీసు స్టేషనుకి వెళ్ళొచ్చాడు. అక్కడి రైటరు అంతా విని, కారు నువ్వే సందులో వదిలేశావా, హోటలు వాళ్ళకి అప్పగించావా అని అడిగాడట. అప్పగించానని టోకెను చూపిస్తే, ఉత్త నంబరు చీటీ చాలదు, ఆ మాట వాళ్ళ దగ్గర రాయించుకురా, అప్పుడు రసీదు ఇస్తానన్నాడట. ఆ రసీదు చూపిస్తే, దొంగతనం జరిగిందని నమ్మి, ఆఫీసువాళ్ళు కండక్టరమ్మకి ఇంకొక్క గడువు ఇస్తారు. ఆయన ఫోను చేసి కనుక్కున్నాడు. మాట కాదు, కాగితం కావాలన్నారు.

"నాకు అద్దం డబ్బులొద్దు, పెట్టె డబ్బులొద్దు. కారు తాళం మీవాళ్ళ చేతికిచ్చానని ఒక్క ముక్క రాసివ్వండి. పెట్టె దింపుతానంటే, పొద్దున దింపుకుందురు, మేం చూసుకుంటాంలెండి అని మీ డ్రైవరుగారే అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. మర్యాదగానే అన్నారు."

మేనేజరుగారితో మాట్లాడి చెప్తానంది డెస్కక్క. రోజుకి నలభైసార్లు అనే మాటే అది. ఇవాళ మాత్రం అంటూ ఆయన మొహం చూడలేకపోయింది.

మేనేజరు గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. తిట్టాల్సి వచ్చినా కుశలం అడిగినట్టే తిడతాడు. ఆమె వెళ్ళేసరికి కడుపుమంట మాత్ర చప్పరిస్తూ, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎదుటి గోడకేసి చూస్తూ వింటున్నాడు. అవతల హోటలు వకీలు. ఫోను పెట్టేశాక వకీలు చెప్పినదంతా ఆమెకు అప్పజెప్పాడు. వాహనాలకు యజమానులదే బాధ్యత అని గేటు దగ్గర పెద్ద బోర్డుంది కదా, అతిథి తానే కారు పెట్టుకుని తాళం జేబులో వేసుకుపోతే ఆ బోర్డు మనల్ని కాపాడుతుంది. తాళం మన మనిషి పుచ్చుకుంటే మాత్రం కారు మన చేతిలో ఉన్నట్టే లెక్క, అప్పుడు బోర్డు గోడకి అందమే తప్ప ఎందుకూ పనికిరాదు.

"అయితే నిజం మనకి తెలుసు కదండీ," అంది డెస్కక్క. "తాళం మనమే తీసుకున్నాం."

"తెలియడం వేరు, రాసివ్వడం వేరమ్మా. ఇవాళ ఒకరికి రాసిస్తే రేపు అద్దం మీద గీతపడ్డవాళ్ళందరూ వస్తారు. యజమాని నన్నడుగుతాడు, కార్లు సందులో ఎందుకు పెట్టించావని. నేనేం చెప్పాలి?"

మీరే పెట్టించమన్నారు కదా అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన అది చదివినట్టే, తాను రాతలో ఏ ఆర్డరూ ఇవ్వలేదన్నాడు. ఫోన్లో ఏదో అన్నానేమో, గుర్తులేదు. డ్రైవరుతో చెప్పింది మాత్రం ఆమె. ఆయన ఆమెకి బావగారన్న సంగతి యజమానికి ఇంతవరకూ తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఇదంతా ఆయన బెదిరిస్తున్నట్టు చెప్పలేదు. వానొచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళమని చెప్పినట్టు చెప్పాడు.

తరవాత ఒక ఫారం ఆమె వైపు జరిపాడు. నా కారు నేనే నిలుపుకున్నాను, నష్టానికి నేనే బాధ్యుణ్ణి అని అందులో అచ్చేసి ఉంది. కింద అతిథి సంతకం చెయ్యాలి.

"ఆయన చేత పెట్టించండి. మీ మాట వింటారు అందరూ. మీకా చాకచక్యం ఉంది."

పదకొండేళ్ళలో ఆయన ఆమెను మెచ్చుకోవడం అది రెండోసారి.

ఫారం మడిచి పట్టుకుని లాండ్రీ వైపు నడిచింది. ఆవిరికి వేడెక్కిన ఆ నడవలో మాసిన దుప్పట్ల బస్తాల పక్కన బావగారు ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. సందులో రాలిన గాజు పెంకులు తుడిచి వచ్చినట్టున్నాడు, చీపురు పక్కనే ఉంది. ఆమెను చూసి లేవబోయాడు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఆయన ఆమెను మేడమనే అంటాడు, ఆమె ఆయన్ని డ్రైవరుగారంటుంది. ఇంటి మెట్లెక్కాకే వరసలు మళ్ళీ వస్తాయి.

"కూర్చోండి బావగారూ," అంది.

ఆ పిలుపుతోనే ఆయనకి సంగతి తెలిసిపోయింది. పెట్టెలో ఏముందో ఆయన విన్నాడు. వంటవాళ్ళు చెప్పారట. పెట్టె దింపుకుంటానన్న మనిషిని, పొద్దున దింపుకోవచ్చని తానే ఆపానని అదే మాట నాలుగుసార్లు తిప్పి తిప్పి అన్నాడు. ముప్ఫయ్యేళ్ళు లారీల్లో ఎవరెవరివో సరుకులు మోశాడు. ఒక్క బస్తా తక్కువ రాలేదు. ఇప్పుడు రాత్రంతా కదలకుండా నిలబెట్టిన బండిలోంచి పోయింది.

ఆమె ఫారం సంగతి చెప్పింది. ఆ మేస్త్రి సంతకం పెట్టడని, పెట్టమని అడగడానికి తనకి నోరు రావడం లేదని చెప్పింది. సందులో పెట్టమన్నది తానేనని, తన మాట వల్లనే ఇదంతా అని కూడా అంది. బావగారు ఆ మాట పూర్తి కానివ్వలేదు.

"నువ్వు చెప్పావని నేను ఎక్కడా అననమ్మా. నా అంతట నేనే పెట్టానంటాను."

"అలా అంటే మీ మీదికి వస్తుంది."

"వస్తే వస్తుంది. ఇంట్లో ఒక ఉద్యోగమైనా నిలబడాలి కదా. నీది పోతే ఏడుగురం ఏం తింటాం? నాదంటావా, నువ్వు ఇప్పించిందే."

ఆమె కోప్పడింది. అలాంటి పిచ్చిపని చెయ్యొద్దని, తాను వేరే దారి చూస్తానని చెప్పింది. వేరే దారి ఏమిటో ఆమెకే తెలియదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కప్పా పామూ కూడా తన ఇంట్లోనే ఉన్నట్టుంది. ఆయన తల ఊపాడు. ఒప్పుకున్నాడనుకుని ఆమె వచ్చేసింది. పెద్దవాళ్ళు తల ఊపడానికి సవాలక్ష అర్థాలుంటాయని అప్పుడు తోచలేదు.

కండక్టరమ్మ పది నిమిషాలు ముందే వచ్చింది. ఆటో దిగి, రెండు చంకకర్రల మీద అద్దాల తలుపు దాకా వచ్చి, తలుపు తీయడానికి పరిగెత్తుకొచ్చిన డెస్కక్కతో, "తలుపు దగ్గర నిలబడి, ఎక్కండెక్కండి, ముందుకు జరగండి అనడం నా పనండీ. మీరు నా పని లాక్కుంటున్నారు," అని నవ్వింది. నలభై ఏళ్ళుంటాయి. నున్నగా దువ్విన జుట్టు, టిక్కెట్లు చింపి చింపి కాయకాసిన బొటనవేలు. మెడలో ఒక గుడ్డసంచీ వేలాడుతోంది.

సోఫాలో కూర్చోగానే సంచీలోంచి కొత్త చెప్పుల జత తీసి ఒళ్ళో పెట్టుకుంది. మేస్త్రిగారు వచ్చేదాకా ఆగలేక తానే చెప్పడం మొదలుపెట్టింది. ఏడాదిన్నరగా ఏ జత కొన్నా కుడిది పెట్టెలోనే ఉండిపోయేదట. దుకాణంవాణ్ణి ఒక్కటే అమ్మమంటే, రెండో చెప్పు ఎవరికమ్ముకోనమ్మా అన్నాడట. ఇన్నాళ్ళకి ఇవాళ రెండూ ఒకేసారి అరగబోతున్నాయి.

తన గదిలోంచి వచ్చిన మేస్త్రి హాలు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆ చెప్పులు చూశాడు. ఇంకో అడుగు వెయ్యలేదు. డెస్కక్క వైపు తిరిగి రెండు చేతులూ కొంచెం ఎత్తి దించేశాడు. ఎంతమంది తెగిన కాళ్ళని ఆ చేతులు పట్టుకున్నాయో, ఈ ఒక్క మాట మాత్రం పట్టుకోలేకపోయాయి.

డెస్కక్క వెళ్ళి కండక్టరమ్మ పక్కన కూర్చుంది. డ్యూటీలో ఉండగా ఆమె అతిథుల సోఫాలో కూర్చోవడం అదే మొదటిసారి. చుట్టూ తిప్పకుండా చెప్పింది. కారు అద్దం పగలగొట్టారని, పెట్టె పోయిందని, వెతికించినా ఇవాళ్టికి దొరికే ఆశ లేదని.

కండక్టరమ్మ చెప్పుల్లో కుడిదాన్ని తీసి ఎడమదాని కింద పెట్టింది. మళ్ళీ పైకి తీసింది.

"ఒకసారి బస్సు తీసుకుపోయింది, ఒకసారి దొంగ తీసుకుపోయాడు," అంది చివరికి. "ఈ కుడికాలికి నా దగ్గర ఉండబుద్ధి కావడం లేదు." నవ్వబోయింది. పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు.

మేస్త్రి వచ్చి ఆమె ముందు నేల మీదే కూలబడ్డాడు. తనదే తప్పన్నాడు, భుజం నొప్పని పెట్టె పైకి మొయ్యలేదన్నాడు, ఇంకొకటి చేసిస్తానన్నాడు. ఆమె వారించింది. వారంలో ఇంకో కాలు వస్తుందని తెలుసు, కానీ రేపు పదింటికి అది అందదు. ఇంటి దగ్గర అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు తాను ఇల్లు చేరడం కోసం కాదు, డ్యూటీ కాగితం కోసం చూస్తున్నారు. డిపోలో కూర్చునే పని ఇమ్మంటే ఖాళీల్లేవన్నారు. బస్సెక్కగలిగితేనే కండక్టరు, లేకపోతే మామూలు మనిషి.

అన్నీ చెప్పి, ఆమె ప్రయాణికుణ్ణి టిక్కెట్టు అడిగినట్టు సూటిగా డెస్కక్కని అడిగింది.

"పోయినప్పుడు కారు ఎవరి చేతిలో ఉందమ్మా?"

బల్ల అవతల మేనేజరు ఎప్పుడొచ్చాడో వచ్చి నిలబడ్డాడు. డెస్కక్క ఆయన్ని చూసింది. ఫారం ఆమె చేతిలోనే ఉంది, చెమటకి మెత్తబడిపోయింది.

"మా చేతిలోనే ఉంది," అంది. "తాళం మేమే తీసుకున్నాం."

పదకొండేళ్ళలో ఆమె మేనేజరు మాట దాటడం అదే మొదలు. ఆకాశమేమీ విరిగి పడలేదు. ఫోను మోగింది, ఎవరూ తీయలేదు, ఆగిపోయింది. మేస్త్రి తలెత్తి ఆమె వైపు చూసిన చూపులో కృతజ్ఞత ఉందని గుర్తుపట్టి ఆమె మరీ కుంగిపోయింది. ఎందుకంటే కండక్టరమ్మ తరవాతి మాట ఏమిటో ఆమెకి తెలుసు.

"ఆ మాటే కాగితం మీద రాసివ్వండమ్మా. స్టేషనుకి నేనే వెళ్తాను."

హోటలు ముద్ర మేనేజరు గదిలో ఉంటుంది. ముద్ర లేని కాగితం ఆమె రాస్తే అది ఒక ఆడమనిషి రాసిన ఉత్తరం, అంతే.

అప్పుడు మేనేజరు బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. నమస్కారం పెట్టాడు. జరిగినదానికి చాలా బాధగా ఉందని, ఈ అమ్మగారికి కాగితం ఇవ్వడానికి హోటలుకి అభ్యంతరం లేదని అన్నాడు. ఆయన చేతిలో అప్పటికే ముద్ర వేసిన ఉత్తరం ఒకటి ఉంది. కారు అద్దం పగలగొట్టి కృత్రిమ కాలు దొంగిలించారని, అతిథి తప్పేమీ లేదని అందులో స్పష్టంగా ఉంది. కండక్టరమ్మ చెయ్యి చాచింది.

"ఒక్క నిమిషమమ్మా. దీనికి జతగా ఇంకోటుంది."

రెండో కాగితం చేతిరాతతో ఉంది. ఆ పెద్ద పెద్ద అక్షరాలు, ఒకదానికొకటి తగలకుండా దూరం దూరంగా పేర్చినవి, డెస్కక్కకి బాగా తెలుసు. ఇంట్లో గ్యాసు బండ ఎప్పుడు మార్చారో క్యాలెండరు మీద రాసి ఉండేవి ఆ అక్షరాలే. హోటలుకి తెలియకుండా, సొంతంగా, బక్షీసు కోసం తాళం తీసుకున్నానని, ఎవరూ చెప్పకుండానే కారు సందులో పెట్టానని, జరిగినదానికి పూర్తిగా తనదే బాధ్యత అని అందులో ఉంది. కింద బావగారి సంతకం. దాని కింద సాక్షి అని రాసి, గీత గీసి, ఖాళీగా వదిలారు.

ఈ కాగితం ఉంటేనే హోటలు ఆ ఉత్తరం ఇవ్వగలదని మేనేజరు మెల్లగా విడమరిచాడు. వకీలు అలా చెప్పాడు. రెండూ కలిపి స్టేషనులో ఇస్తే అమ్మగారికి గంటలో రసీదు వస్తుంది. డ్రైవరును ఏవో నాలుగు ప్రశ్నలు అడుగుతారు, ఒకటి రెండు రోజులు ఉంచుకుంటారేమో. సాక్షి సంతకం నిన్న డ్యూటీలో ఉన్నవాళ్ళదై ఉండాలి. నిన్న డ్యూటీలో ఉన్నది ఆమె.

"నా చేతిలో ఏముందమ్మా," అన్నాడాయన. ఈసారి నిజంగానే అన్నట్టనిపించింది. కలం మూత తీసి ఆమె ముందు పెట్టాడు.

నడవ మలుపులోంచి బావగారు వచ్చాడు. యూనిఫారం చొక్కా విప్పేసి, పొద్దున ఇంటి నుంచి వచ్చినప్పటి చొక్కా వేసుకున్నాడు. అతిథులందరి ఎదుటా ఆమెను మేడమనడం మరిచిపోయాడు.

"పెట్టెయ్యమ్మా. ఆలస్యం చెయ్యకు. ఆవిడకి టైమైపోతోంది."

డెస్కక్క కలం తీసుకుంది. సంతకం పెడితే ఒక అబద్ధానికి సాక్ష్యం, పెట్టకపోతే పక్కన కూర్చున్న మనిషి బతుకుతెరువు పోతుంది. కలం కాగితానికి ఆనింది. సిరా చుక్క దిగింది.

కండక్టరమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. ఒకసారి ఆయన్ని, ఒకసారి ఆమెని. కిటకిటలాడే బస్సులో ఎవరు ఎవరితో వచ్చారో టిక్కెట్టు అడక్కుండానే పోల్చుకునే కళ్ళవి. ముందుకు వంగి, ఖాళీ గీత మీద తన అరచెయ్యి అడ్డంగా పెట్టేసింది.

"ఆగమ్మా," అంది. "ఈయన నీకేమవుతాడు?"